ఎడమ పక్కన నిలబడ్డ గుర్రం

కరోనా పూర్తిగా సద్దుమణిగిన తర్వాతి సంవత్సరం. నెల్లూరులోని ఒక రిహాబిలిటేషన్ సెంటర్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళూ, బండి మీద నుంచి పడి వెన్ను దెబ్బతిన్నవాళ్ళూ ఆసుపత్రిలో ప్రాణగండం దాటాక మా దగ్గరికి వస్తారు. మంచం మీద లేచి కూర్చోవడం, నిలబడడం, అడుగు వేయడం, అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళడం అన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. మాది కోవూరు. రోజూ పెన్న వంతెన దాటి పనికి వచ్చేదాన్ని. ఆ ఏడు వానలు బాగా పట్టాయి. నది నిండుగా పారుతున్న రోజుల్లో పెంచలమ్మ గారిని చక్రాల కుర్చీలో మా సెంటరుకు తీసుకొచ్చారు.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఇందుకూరుపేట మండలంలో సొంత వరి పొలం. పొలం పనీ గొడ్ల పనీ తానే చూసుకునే మనిషి. ఒకరోజు తెల్లవారుతుండగా గొడ్ల చావిట్లో చెంబు పట్టుకుని కుప్పకూలిపోయింది. మెదడు కుడివైపున రక్తం గడ్డకట్టి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎట్టుండారు పెద్దమ్మా?" అన్నాను ఆమెకు ఎదురుగా వంగి.

"నాకేం, బాగనే ఉండా. ఊరికినే తెచ్చి పడేసినారు ఈడ. నాట్లకి టయమైతా ఉంది. ఇంటికి పంపిచ్చు పాపా" అంది.

ఆమె ఎడమ చెయ్యి కుర్చీ పక్కన వేలాడుతోంది. వేళ్ళు చక్రం ఊచల్లోకి పోబోతున్నాయి. నేను చటుక్కున ఆ చేతిని పట్టుకుని ఆమె ఒళ్ళో పెట్టాను.

"ఇది ఎవరి చెయ్యి పెద్దమ్మా?"

ఆమె ఒకసారి దాని వంక చూసి, "నీదే గదా" అంది. ఎగతాళికి కాదు. నిజంగానే నా చెయ్యి తన ఒళ్ళో ఉందనుకుంది.

మా వృత్తిలో దీన్ని నెగ్లెక్ట్ అంటారు. కళ్ళకు ఏ లోపమూ ఉండదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నప్పుడు కొందరికి ఎడమ పక్క లోకం మొత్తం, అటు నుంచి వచ్చే పిలుపుతో సహా, లేకుండా పోతుంది. గుడ్డివాడికి తనకు కనిపించడం లేదని తెలుసు కాబట్టి తడుముకుంటాడు. వీళ్ళకు ఆ పక్కన చూడవలసింది ఒకటుందన్న సంగతే తట్టదు. కంచంలో కుడి సగం తిని, ఎడమ సగంలో అన్నం అట్లాగే ఉండగా ఇంకొంచెం పెట్టమంటారు. తల కుడివైపే దువ్వుకుని జడ వేసుకున్నామనుకుంటారు. తమకు జబ్బుందని ఒప్పుకోరు. అందువల్ల కాలూ చెయ్యీ పడిపోయిన దానికంటే దీన్ని బాగుచేయడం కష్టం.

మొదటి పరీక్షగా కాగితం నిండా చిన్న చిన్న చుక్కల బొమ్మలిచ్చి, అన్నిటినీ కొట్టేయమన్నాను. కుడి అంచున ఉన్నవి మాత్రం కొట్టేసి కాగితం నా చేతికిచ్చింది.

"అయిపోయినాయి. ఏం పాపా, ఈ వయసులో నన్ను ఒకటో తరగతిలో ఏస్తావా?"

మర్నాడు ఆ కాగితాలు తెస్తే ముట్టుకోలేదు. ఆ మర్నాడు విసిరికొట్టింది.

ఇదంతా ఆమె భర్త రమణయ్య గారు చూస్తూనే ఉన్నారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఆమె మంచం పక్కన గోడవారగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దుగూకులూ కూర్చునేవారు. ఒకరోజు నేను వరండాలోకి రాగానే నా వెనకే వచ్చారు.

"మేడం, మీరు ఎన్ని చేసినా లాభం లేదు. ఆమెకి నా మీద కోపం" అన్నారు.

"కోపమేంది రమణయ్య గారూ?"

"పొలాన్ని రొయ్యల గుంటకి లీజుకిద్దామని నేనంటి. ఆమె వద్దనె. ఆ పొద్దున పెద్ద గొడవ పడినాం. కోపంగా చావిట్లోకి పోయింది, ఆడనే పడిపోయింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచినప్పట్నించి నా మొహం చూడలా. పిలిస్తే పలకదు. పైగా వచ్చినవాళ్ళందరితోనూ మా ఆయన ఒక్కసారన్నా చూసేదానికి రాలా అని చెప్తా ఉంది. నేను ఆ పక్కనే కూర్చోనుంటే!"

నేను లోపలికి తొంగి చూశాను. ఆయన కుర్చీ ఆమెకు ఎడమ పక్కన ఉంది. ఆసుపత్రిలో కూడా మంచం కుడి పక్కన గోడే ఉండేదట. ఇన్ని రోజులుగా ఆ మనిషి తన భార్యకు లేని లోకంలో కూర్చుని ఉన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మంచం చుట్టూ తిప్పి కుడి పక్కన నిలబెట్టాను.

పెంచలమ్మ గారి మొహం వెలిగిపోయింది. "ఇప్పుడొచ్చినావా అయ్యా? ఇన్నాళ్ళకి తీరిందా నీకు? గొడ్లకి మేతెవరు ఏస్తా ఉండారు?"

రమణయ్య గారు మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయారు. ఆమె ఆగకుండా ప్రశ్నలు వేస్తుంటే ఆయన తల మాత్రం ఊపుతున్నారు.

ఆయన మనసు కుదుటపడింది. నా పని మాత్రం మొదలు కాలేదు. ఆమె తనంతట తాను ఎడమకు తల తిప్పాలి. అది బలవంతంగా చేయించేది కాదు. ఆమెకు అటు చూడాలనిపించాలి. కాగితం మీద చుక్కల కోసం ఆమె తల తిప్పదని తేలిపోయింది. మరి దేనికోసం తిప్పుతుంది?

దానికి జవాబు నేను వెతకలేదు. అదే ఎదురొచ్చింది. మా జిమ్‌లో, అంటే వ్యాయామాలు చేయించే పెద్ద గదిలో, గోడకు ఒక టీవీ ఉంది. వేళ్ళు నలిగిపోయిన ఒక లారీ మెకానిక్‌కు బొటనవేళ్ళు కదిలించే పని కల్పించాలని నేను మా ఇంటి గేమ్ కన్సోల్, అంటే టీవీలో ఆటలాడుకునే పెట్టె, తెచ్చి దానికి తగిలించాను. అందులో వైకింగుల కాలం నాటి కథతో ఒక ఆట ఉంది. వైకింగులంటే వెయ్యేళ్ళ కిందట యూరప్ ఉత్తరపు కొసన మంచు దేశాల్లో బతికినవాళ్ళు. పడవల్లో సముద్రం దాటిపోయి వ్యాపారాలు చేసేవాళ్ళు, ఊళ్ళూ దోచుకునేవాళ్ళు. ఆటలో గొడ్డలి పట్టుకున్న ఒక వీరుడు, అతనికొక గుర్రం. పొట్టి కాళ్ళు, ఎర్ర మట్టి రంగు, కళ్ళ మీదికి పడే ఒత్తయిన జూలు. ఒక బటన్ నొక్కితే వీరుడు ఈల వేస్తాడు. గుర్రం ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది.

ఆ రోజు మెకానిక్ ఆట మధ్యలో ఆపి మంచినీళ్ళకు వెళ్ళాడు. తెర మీద వీరుడు గుడిసెలో ఉన్నాడు. గుర్రం బయట మంచు కురుస్తుంటే నిలబడి ఉంది. పెంచలమ్మ గారి కుర్చీ టీవీకి ఎడమగా ఉండబట్టి తెర మొత్తం ఆమెకు కుడిచేతి వైపు పడింది.

"ఎవరిదమ్మా ఆ గుర్రం? వానలో అట్ట నిలబెట్టి లోపలికి పోయినాడేంది, బుద్ధి లేదా?"

"అది వాన కాదు పెద్దమ్మా, మంచు."

"మంచైతే మాత్రం? ముందు దాన్ని పంచలోకి తోలమను. ఆ జుట్టేంది, కళ్ళల్లో పడతా ఉంది. కత్తిరించేవాళ్ళే లేరా?"

వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఒక విషయం మీద అంత శ్రద్ధగా మాట్లాడడం నేను వినలేదు. రెండు చేతులతో పట్టుకుని ఆట నడిపే కంట్రోలర్ తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను.

ఆ కంట్రోలర్‌కు రెండు చిన్న పుల్లలుంటాయి. ఎడమ బొటనవేలి కింద ఉండేది మనిషిని నడుపుతుంది. కుడి వేలి కిందిది చూపును చుట్టూ తిప్పుతుంది. ఆమె ఎడమ చెయ్యి పనిచేయదు కనక ఆ సగం నేను పట్టుకున్నాను. కుడి సగం ఆమె పట్టుకుంది. నేను నడిపిస్తే ఆమె చూడాలి. ఇద్దరం కలిసి ఆ గుర్రాన్ని చూరు కిందికి చేర్చాం.

"అమ్మయ్య" అని ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "ఎర్రోడు తడిసి ముద్దయినాడు."

అలా ఆ గుర్రానికి పేరు పెట్టింది.

సాయంత్రం మా పెద్ద డాక్టరు గారికి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "వైకింగులు మనకెందుకమ్మా? ఆట ఆడిస్తున్నామని బయట చెబితే నవ్వరా?"

"స్కానింగే సార్ చేయించేది. కాగితం బదులు తెర. అంతే" అన్నాను. స్కానింగ్ అంటే చూపును ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా వరసగా జరపడం నేర్పే శిక్షణ. "వారం వారం అదే చుక్కల పరీక్ష పెట్టి మీకు చూపిస్తాను. తేడా లేకపోతే ఆపేస్తాను."

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని సరేనన్నారు.

టీవీ ఎడమ అంచున పైనుంచి కింది దాకా ఎర్ర టేపు అంటించాను. దీన్ని యాంకర్ అంటాం. చూపు ముందు ఆ ఎరుపును పట్టుకుని, అక్కడి నుంచి కుడికి నడవాలి. మొదట్లో గుర్రాన్ని తెర మధ్యలో నిలిపేదాన్ని. తర్వాత కొంచెం ఎడమకు. ఆ తర్వాత ఇంకొంచెం. తెరలో గుర్రం ఎదురుగానే ఉన్నా "యాడకి పోయినాడు?" అని ఆమె కంగారు పడేది. "టేపు దగ్గర్నించి చూసుకుంటా రండి" అనేదాన్ని. మెడ కొంచెం కదిలేది, ఆగిపోయేది, మళ్ళీ కదిలేది. గుర్రం కంటబడగానే "ఈడుండావా నాయనా" అనేది. ఆమెను గొడ్డలి యుద్ధాలకు తీసుకెళ్ళాలని ఒకసారి చూశాను. "ఆ కొట్లాటలు మనకొద్దు, ఎర్రోణ్ణి గడ్డున్న తావుకి తోలు" అంది. ఆ ఆటలో గుర్రం మేత మేయదని తెలిసినప్పుడు మాత్రం దాన్ని తయారుచేసినవాళ్ళను చాలాసేపు తిట్టింది.

ఇక రమణయ్య గారితో మాట్లాడాల్సిన మాట ఒకటి మిగిలింది. అదే నాకు అన్నిటికంటే కష్టమనిపించింది.

"మీరు మళ్ళీ ఎడమ పక్కకే వచ్చి కూర్చోవాల" అన్నాను.

ఆయన బెదిరిపోయారు. "ఇప్పుడిప్పుడే నాతో మాట్లాడతా ఉంది మేడం. ఆ పక్కకొస్తే మళ్ళీ నేను లేనట్టే గదా?"

"కుడి పక్కనే అన్నీ దొరికితే ఆమె ఎడమకెందుకు చూస్తారు? మీరు ఆ పక్కనుంటేనే చూసేదానికి ఒక కారణం ఉంటుంది. కొన్నాళ్ళు ఓర్చుకోండి. రోజూ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కుడి పక్కకొచ్చి పలకరించండి. ఆట జరిగేంతసేపూ మాత్రం ఎడమన కూర్చోండి."

ఆయన తన కుర్చీ తానే ఎత్తుకుని టీవీకి ఎడమ పక్కన, ఎర్ర టేపుకు అవతల వేసుకున్నారు. భార్య ఎదురుగా ఉండి కూడా ఆమెకు కనబడకుండా రోజూ అక్కడ కూర్చున్నారు.

వారాలు గడిచాయి. చుక్కల కాగితం మీద ఆమె కొట్టివేతలు మెల్లగా ఎడమకు పాకాయి. రోజూ చేయించే వ్యాయామాలతో ఎడమ కాలు మెల్లగా బరువు మోయసాగింది. ఎడమ చెయ్యి కూడా కొద్దిగా ప్రాణం పోసుకుంది. బొటనవేలు పుల్ల మీద పెడితే కదిలించగలిగేది.

అప్పుడొక ఉదయం, ఆటలో మేం ఒక పైన్ చెట్ల అడవి పక్కగా ఉన్నాం. వీరుడు దిగి గుడిసె ముందు నిలబడ్డాడు. ఎర్రోడు కట్టుకొయ్యకు కట్టేసి ఉన్నాడు. ఉన్నట్టుండి తోడేళ్ళ అరుపు వినిపించింది. గుర్రం భయంగా సకిలించింది. ఆ ఆటలో గుర్రాన్ని తోడేళ్ళు కరిస్తే అది కుంటుతుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు.

"ఎర్రోడా! యాడుండావురా?"

ఆమె ఈల బటన్ నొక్కింది. కట్టేసిన గుర్రం రాలేదు. గుర్రం తెర ఎడమ చివర ఉంది. రమణయ్య గారు కుర్చీలో ముందుకు వంగి ఏదో చెప్పబోయారు. వద్దని చెయ్యెత్తాను.

పెంచలమ్మ గారి మెడ కదిలింది. తెర మధ్య దాటింది. అక్కడ ఎప్పుడూ ఆగేది. ఈసారి ఆగలేదు. ఎర్ర టేపు దాకా వెళ్ళి, టేపు పట్టుకుని వెనక్కి వచ్చి గుర్రాన్ని చూసింది. "అదిగో, అదిగో!" అని అరిచింది. నేను వీరుణ్ణి పరుగెత్తించాను. ఆమె బటన్ నొక్కితే అతని చేతిలో దివిటీ మండింది. తోడేళ్ళు చెట్లలోకి పారిపోయాయి.

ఇంకా ఏమైనా దాక్కుని ఉన్నాయేమోనని ఆమె మళ్ళీ ఎడమకు వెతికింది. ఈసారి తల టేపు దాటి తెర బయటికి వెళ్ళింది. అక్కడ కుర్చీలో భర్త ఉన్నాడు.

"ఏమయ్యా, నువ్వీడనే ఉండావా? ఆ కళ్ళనీళ్ళేంది? గుర్రానికేం కాలా" అంది.

నాకు నవ్వొచ్చింది, దాంతో పాటే నా కళ్ళూ తడిశాయి. రమణయ్య గారు కండువాతో మొహం తుడుచుకుని, ఆ ఎడమ పక్క నుంచే, "పొలం గుంటకియ్యనులే పెంచలా" అన్నారు.

"అది చెప్పేదానికి ఇన్నాళ్ళు పట్టిందా నీకు?" అందామె. చూపు మాత్రం ఆయన మీదే నిలిపింది.

కథ ఇక్కడ ఆపితే చదవడానికి బాగుంటుంది గానీ, ఆ మధ్యాహ్నమే ఆమె కంచంలో ఎడమ సగం అన్నం మిగిల్చింది. తెర మీద నేర్చుకున్నది కంచంలోకీ రోడ్డు మీదికీ తనంతట తాను నడిచి రాదు. కష్టపడి తీసుకురావాలి. కంచం ఎడమ అంచుకు ఎర్ర టేపు వేశాను. ఎడమ మణికట్టుకు ఎర్ర గాజు వేయించాను. తలుపు ఎడమ చట్రానికీ టేపు వేశాను. రోజుల తరబడి చెప్పిందే చెప్పాను. ఒకరోజు ఆమె తింటూ తింటూ ఆగి, "ఉండు, ఎర్రోడి పక్క చూడలా" అని కంచం వైపు తల తిప్పింది. నేను నేర్పని మాట అది. ఆ రోజు నుంచి మా సెంటర్లో ఆమెకు ఎడమ అని ఎవరూ చెప్పలేదు. ఎర్రోడి పక్క అనేవాళ్ళం. టేపులు ఒక్కొక్కటిగా పీకేశాను.

ఇంటికి పంపే ముందు రోడ్డు దాటించాను. మన రోడ్ల మీద మొదటి సగంలో బండ్లు కుడి నుంచి వస్తాయి. అది ఆమెకు కష్టం కాదు. సగం దాటాక ఎడమ నుంచి వస్తాయి. అక్కడే ప్రాణాలు పోతాయి. ఆమె నడుముకు కట్టిన పట్టీకి నా చెయ్యి దగ్గరగా ఉంచాను, తాకించలేదు. చేతికర్ర ఆనించి ఆమె రోడ్డు మధ్యదాకా వచ్చి ఆగింది. పెదవులు కదిలాయి. తల పూర్తిగా ఎడమకు తిరిగింది. ఒక ఆటో దూసుకొస్తోంది. కర్ర ఎత్తి చూపించింది. ఆటో ఆగింది. ఆటో అతను విసుక్కుంటుంటే, "ఓరి నా తండ్రీ, ముసిల్దాన్ని పోనీ" అని దాటిపోయింది. అవతలి పక్కన నిలబడ్డ మా పెద్ద డాక్టరు గారు చప్పట్లు కొట్టారు. ఆయన ఎవరికైనా చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత డాక్టర్లూ థెరపిస్టులూ కలిసిన ఒక సభలో ఆయన ఈ కేసు గురించి నన్నే మాట్లాడమన్నారు. గుర్రం వల్లే నయమైందని నేను చెప్పలేదు. అది అబద్ధమవుతుంది. పక్షవాతం తర్వాత మొదటి నెలల్లో మెదడు తనంతట తానూ కొంత కోలుకుంటుంది. మందులు పనిచేశాయి. రమణయ్య గారి ఓర్పు పనిచేసింది. ఆమె మెడ తిరగడానికి ఒక కారణం దొరికింది, ఆ కారణాన్ని పట్టుకుని నేను వదల్లేదు అని మాత్రం చెప్పాను. ఆ ఆట ఆడించడం గురించి ఎవరూ నవ్వలేదు. విరామంలో అనుభవజ్ఞులైన ఇద్దరు థెరపిస్టులు నా దగ్గరికి వచ్చి, టేపు ఎంత వెడల్పు వేశారు, టీవీ ఎంత దూరంలో పెట్టారు అని అడిగి రాసుకున్నారు. అప్పుడు నాకు కలిగిన గర్వాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పటి నుంచి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఏ కాలు లేవదో, ఏ వేలు ముడుచుకోదో చూసి ఊరుకోను. ఈ మనిషి దేన్ని వానలో తడవనివ్వరు, దేనికోసం లేచి వస్తారు అని కూడా అడుగుతాను. ఒకాయనకు అది రేడియో అయింది. ఒకామెకు మనవరాలి జడ. వ్యాయామం పుస్తకంలో ఉంటుంది. ఆ కారణం మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్కటి ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి.

మరుసటి ఏడు నాట్లప్పుడు పెంచలమ్మ గారిని చూడడానికి వాళ్ళ ఊరికి వెళ్ళాను. పొలం చూపిస్తానని ఆమె బయల్దేరింది. పాదం పట్టేంత వెడల్పున్న గట్టు, రెండు పక్కలా నీళ్ళు. వద్దందామనుకున్నాను. అప్పటికే ఆమె కర్ర ఊని ముందుకు సాగింది. ఒక అడుగు వేసి కుడి పక్క, ఇంకో అడుగు వేసి ఎడమ పక్క చూసుకుంటూ, తొందర లేకుండా, తడబడకుండా నడుస్తోంది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు తలెత్తి పలకరిస్తుంటే, ఏ పక్క నుంచి పిలిచినవాళ్ళకు ఆ పక్కకు తిరిగి జవాబిస్తోంది. ఆ వీపునే చూస్తూ నడుస్తున్న నేను బురదలో కాలు జారి మోకాలి దాకా మడిలో దిగబడ్డాను.

ఆమె ఆగి, వెనక్కి తిరిగి, తన ఎడమ చెయ్యి నాకు అందించింది.

"పట్టుకో పాపా" అంది.

ఆ పట్టు నా బరువుకు సరిపోయింది.